మరియమ్మ ముఖం, బంగారు వలయం: గుడ్డుసొన రంగులతో వేసే పద్ధతి

ఇటలీ చిత్రకారుడు ఫ్రా ఆంజెలికో 1425 ప్రాంతంలో చెక్క మీద వేసిన మంగళవార్త (యేసు పుట్టబోతున్నాడని దేవదూత మరియమ్మకు చెప్పే ఘట్టం) చిత్రం మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది. ఇలాంటి పనిలో బంగారం ముందు, రంగు తర్వాత. తారుమారైతే సొన రంగు ఉన్నచోటల్లా బంగారు రేకు అతుక్కుపోతుంది.

కుందేలు తోలు జిగురు ఒక వంతు, నీళ్లు పది వంతులు. రాత్రి నానబెట్టి, వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించాలి. మరిగితే పట్టు పోతుంది. చెక్కకు ఒక పూత జిగురు పట్టించి, సన్నని నార గుడ్డ అంటించాలి. ఆరాక సుద్ద కలిపిన జిగురు ఎనిమిది పూతలు. గిలక్కొడితే బుడగలొచ్చి గుంటలు మిగులుతాయి. పై పూతలో జిగురు కింది పూతకంటే చిక్కగా ఉంటే పగుళ్లు ఖాయం.

నునుపు చేశాక తలచుట్టూ వలయాన్ని కంపాస్ ముల్లుతో గీయాలి. పలచని జిగురులో కలిపిన ఎర్రమట్టి నాలుగు పూతలు వేసి, తడిపి, రేకు పరచాలి. కొన్ని గంటలకు అగేట్ రాయితో మెల్లగా తట్టి చూడండి. మొద్దు చప్పుడైతే ఇంకా తడి ఉన్నట్టే, రుద్దితే రేకు చిరుగుతుంది. టకటకమంటే మెరుగు పెట్టొచ్చు. మరీ ఎండనిస్తే మెరుపు రాదు.

ఇక ముఖం. పచ్చసొనను అరచేతుల్లో మార్చుకుంటూ తెల్లసొన వదిలించి, పొరను వేళ్లతో పట్టి పొడిస్తే లోపలి సొన కారుతుంది. పొర పారేయండి. నీళ్లతో నూరిన రంగుముద్దకు దాదాపు సమానంగా సొన కలపాలి. గాజు మీద కొంచెం పూసి ఆరాక బ్లేడుతో లేపండి: తోలులా వస్తే సరిపోయింది, పొడిగా రాలితే సొన చాలలేదు.

చర్మం కింద ముందు పచ్చమట్టి రంగు రెండు పూతలు. ఆపైన లేత, మధ్య, ముదురు గులాబీ ఛాయలు, పిండిన కుంచెతో వెంట్రుకంత గీతలుగా. క్షణాల్లో ఆరుతుంది కాబట్టి నూనెరంగులా కలిపి పులమడం కుదరదు. తడిమీదే మళ్లీ గీస్తే కిందిది లేచిపోతుంది. పాత చిత్రాల్లో ముఖాలు ఆకుపచ్చగా కనిపించేది చాలావరకు పై గులాబీ అరిగినందుకే. అప్పటి సీసపు తెలుపు, ఇంగిలీకం (పాదరసపు ఎరుపు) రెండూ విషమే. టైటానియం తెలుపు వాడండి, ఏ రంగు నూరినా మాస్కు తప్పదు.

మేలిముసుగు నీలం అప్పట్లో ఖరీదైన సరుకు. ఫ్లోరెన్స్‌లో 1485లో చిత్రకారుడు గిర్లాందాయోతో రాసుకున్న ఒప్పందంలో ఔన్సు నాలుగు ఫ్లోరిన్ల (అప్పటి బంగారు నాణేల) నీలమే వాడాలని షరతు పెట్టారు. ముసుగు మడతల లోతుల్లో నీలాన్ని అచ్చంగా ఉంచి, పైకి వచ్చేకొద్దీ తెలుపు కలపాలి. వార్నిష్‌కు కనీసం ఆరునెలలు ఆగండి, అందాకా గోరు తగిలినా గీత పడుతుంది.