మెయిన్ డోర్ పాలిష్ కింద నుంచే లేస్తోందా? ముందు తలుపు అడుగు చూడండి

వానలు తగ్గాక ప్రతి ఏడాదీ ఇదే ప్రశ్న. టేకు తలుపండీ, పీయూ (పాలీయురేథేన్) పాలిష్ కొట్టించాం, రెండేళ్ళు కూడా కాలేదు, కింద జానెడు మేర పొరలు పొరలుగా లేచిపోతోంది, ఏ కంపెనీది కొడితే ఆగుతుంది? కంపెనీ సంగతి తర్వాత, తలుపు అడుగు చూశారా అంటే "అడుగు అంటే?" అంటారు. అడుగంటే అడుగే, నేలకి ఆనే వైపు. చిన్న అద్దం ఒకటి తలుపు కింద సందులోకి తోసి ఫోన్ టార్చ్ వేయండి. నిగనిగలాడే పొర కనబడకుండా పచ్చి కర్ర, అంటే ఏ పూతా లేని ఒట్టి కర్ర, కనిపించిందంటే మీ సమస్య దొరికినట్టే, పైన ఎంత ఖరీదైన డబ్బా కొట్టించినా మళ్ళీ లేస్తుంది.

అసలు ఎక్కడ లేస్తోంది అన్నదే సగం జవాబు. కింద మాత్రమేనా, బయటి వైపు మొత్తమా, తాళం చుట్టూనా, లేక కొట్టిన రోజే తెల్లబడిందా? చోటుని బట్టి కారణం మారుతుంది. చాలామంది ఇది చూడకుండానే మేస్త్రీని పిలిచి మొత్తం గీకించి మళ్ళీ కొట్టించేస్తారు.

కింద నుంచి లేవడం, నల్లటి చారలు

తలుపు రెండు పక్కలా నిలువుగా ఉండే కర్రలు నేల దగ్గర కోసిన చోట ఆగుతాయి. కర్రలో నీళ్ళు ప్రయాణించే గొట్టాలన్నీ అక్కడ నోళ్ళు తెరుచుకుని ఉంటాయి, దీపం వత్తి నూనె లాగినట్టు నీళ్ళని పైకి లాగేస్తాయి. మన ఇళ్ళల్లో గడప రోజూ కడుగుతారు, శుక్రవారం పసుపు రాసి బొట్లు పెడతారు, తుడిచిన నీళ్ళు తలుపు అడుగుకి తగులుతూనే ఉంటాయి, పైగా వానజల్లు. ఆ తడి కర్ర లోపలికి ఎక్కి బయటికి రావాలని చూస్తుంది, ముందు వైపు గట్టి పొర అడ్డంగా ఉంటుంది, దాంతో వెనక నుంచి పొరని తోసేస్తుంది. మీరు గోటితో గీరితే పెచ్చు మొత్తంగా ఊడి వచ్చి, దాని కింద కర్ర బూడిద రంగులో గానీ నల్లగా గానీ కనబడుతుంది చూడండి, అదే గుర్తు. గడప కడగడం మానేయమని నేను చెప్పను, ఎవరూ మానరు కూడా. అడుగుకి పాలిష్ పట్టించండి అంటున్నా, అంతే.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది, అందరూ మోసపోయేది ఇక్కడే. "మాది అడుగుకి కూడా కొట్టారండీ, తలుపు బిగించకముందే కొట్టడం నేను దగ్గరుండి చూశా" అంటారు. నిజమే అయ్యుండొచ్చు. కానీ మొదటి వానాకాలంలో తలుపు ఉబ్బి నేలకి రాసుకుంటుంది, కార్పెంటర్ వచ్చి అడుగు నాలుగు సార్లు చిత్రిక పట్టేసి, తలుపు ఫ్రీ అయింది కదా అని డబ్బులు తీసుకుని వెళ్ళిపోతాడు. ఆ నాలుగు సార్లలో ఉన్న పాలిష్ కాస్తా పోయింది, ఇప్పుడక్కడ పచ్చి కర్ర. వచ్చే వానాకాలానికి ఇంకా ఎక్కువ ఉబ్బుతుంది, మళ్ళీ చిత్రిక. వేసవి వచ్చేసరికి కర్ర ఎండి కుంచించుకుపోయి కింద బల్లి దూరేంత సందు, అప్పుడు రబ్బర్ పట్టీ కొడతారు, ఆ పట్టీ వెనక తడి ఆరకుండా నిలబడుతుంది. ముందు వైపు పాలిష్ కొట్టిన మేస్త్రీని తిట్టుకుంటూ ఉంటాం గానీ అసలు పని చెడింది చిత్రిక పట్టిన రోజు. ఇంట్లో ఎవరైనా తలుపు చిత్రిక పట్టించారా అని అడగండి, మూడొంతుల మంది "ఆ, పోయినేడు పట్టించాం" అంటారు.

సరే, పరిష్కారం. వానాకాలంలో చేయొద్దు, డిసెంబర్ నుంచి మార్చి లోపు మంచిది. మే నెల ఎండల్లో అయితే పొర పైన ముందే ఆరిపోయి బుడగలు, బ్రష్ గీతలు పడతాయి. టేకు తలుపు బరువు కదా, ఇద్దరు ఉండి హింజ్ స్క్రూలు విప్పి తలుపు దించండి, రెండు బల్లల మీద పడుకోబెట్టి ఫ్యాన్ గాలికి ఆరనివ్వండి, ఎండలో వద్దు, ఒంగిపోతుంది. తేమ మీటర్ ఉంటే 12 శాతం దగ్గరికి రావాలి, మన కోస్తా ఊళ్ళల్లో ఇంకొంచెం ఎక్కువే ఉండొచ్చు. మీటర్ లేకపోతే వేసవిలో తలుపుకీ ఫ్రేమ్‌కీ మధ్య ఎంత సందు ఉండేదో అంత సందు వచ్చేదాకా దించకుండా ఆగండి.

ఊడిన చోట పెచ్చు ఆగి గట్టిగా పట్టుకున్న దాకా గీకండి, కొంచెం తెల్లబడింది కూడా పోవాల్సిందే. 120 నంబర్, తర్వాత 180, తర్వాత 240 నంబర్ ఎమరీ పేపర్‌తో రుద్దండి. కర్ర తాజా రంగు తేలేదాకా రుద్దాలి, బూడిద రంగు మీద కొడితే పొర పట్టుకోదు. నల్ల మచ్చలు ఇనుము, నీళ్ళు కర్రలోని టానిన్‌తో (కర్రలో ఉండే వగరు పదార్థం) కలిసి వచ్చినవైతే ఆక్సాలిక్ యాసిడ్ నీళ్ళతో పోతాయి, గ్లోవ్స్ వేసుకోండి, అది విషం, తర్వాత బాగా కడిగి మళ్ళీ ఆరబెట్టాలి. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి కొట్టేముందు థిన్నర్ గుడ్డతో తుడిచి, అది ఆరగానే మొదటి పూత వేయండి, మర్నాటికి వదిలేస్తే నూనె మళ్ళీ పైకి వస్తుంది.

అడుగుకి మొదటి పూత పల్చగా కలిపి తాగినంత తాగనివ్వాలి, ఇంకిపోయిన చోట వెంటనే మళ్ళీ. తాగడం ఆగాక మామూలు చిక్కదనంలో ఇంకో రెండు మూడు పూతలు. పల్చటి ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు పూత) అయినా సరే, ఎండ తగిలితే అది పసుపెక్కుతుంది గానీ అడుగున ఎండెక్కడిది. తలుపు పైఅంచుకి కూడా ఇదే చేయండి, అది కనబడదని ఎవరూ కొట్టరు. తర్వాత ఎప్పుడు చిత్రిక పట్టినా అదే రోజు పూత పడాలి. దీనికోసం సింగిల్ ప్యాక్ పీయూ (ఏమీ కలపకుండా నేరుగా కొట్టేది) చిన్న డబ్బా ఇంట్లో పెట్టుకోండి, టూ ప్యాక్ (గట్టిపడడానికి హార్డ్‌నర్ కలిపి కొట్టేది) కలిపింది దాచుకోలేం, హార్డ్‌నర్ మూత తీశాక గాలిలో తేమకి పాడైపోతుంది.

తాళం, టవర్ బోల్ట్, డోర్ వ్యూయర్ చుట్టూ లేవడం కూడా ఇదే జబ్బు. పాలిష్ అయ్యాక బెజ్జాలు కొడతారు, లోపల పచ్చి కర్ర. విప్పి బెజ్జాల లోపల బ్రష్‌తో పూత పట్టించి మళ్ళీ బిగించండి.

మొత్తం బయటి వైపు లేస్తే

లోపలి వైపు బాగుండి, ఎండ పడే వైపు మాత్రమే పొడిబారి పెచ్చులూడుతుంటే ఏం కొట్టారో కనుక్కోండి. మెలమైన్ అనే పాలిష్ ఇంటి లోపలి ఫర్నిచర్‌కి, పడమర ఎండ పడే తలుపుకి కాదు. ఎండ పొర కింద కర్ర పైభాగాన్నే చెడగొడుతుంది, అందుకే బయటికి యూవీ రక్షణ ఉన్న ఎక్స్‌టీరియర్ పీయూ కావాలి. లోపలి వైపు ఏమీ కొట్టకుండా బయట మాత్రమే కొట్టించినా తలుపు వంకర తిరుగుతుంది, రెండు వైపులా సమానంగా ఉండాలి.

పాత పొర ఏంటో తెలీకపోతే మూల మీద దూదితో స్పిరిట్ రుద్దండి, జిగురైతే లక్క పాలిష్. అవకపోతే ఎన్సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ రుద్దండి, కరిగితే ఎన్సీ లక్కర్. రెండిటికీ కదలకపోతే మెలమైనో పీయూనో. దాని మీద కొత్తది వేసేముందు రుద్ది గరుకు చేయాల్సిందే.

ఇక మిగతావి

కొట్టగానే తెల్లబడింది: వాన రోజున థిన్నర్ త్వరగా ఆవిరై పొర చల్లబడి గాలి తేమ దాని మీద పడింది, ఎన్సీ లక్కర్ అయితే పొడి రోజు రిటార్డర్ థిన్నర్ (మెల్లగా ఆవిరయ్యేది) చల్లితే చాలావరకు పోతుంది. రోజులు గడిచినా జిగురుగా ఉంది: హార్డ్‌నర్ కొలత తప్పింది, లేదా పచ్చి అవిసె నూనె రాశారు. నూనె రాసిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతట అవే అంటుకుంటాయి, నీళ్ళల్లో ముంచి విప్పి పరిచి ఆరేయండి. పూతలో చిన్న చిన్న గుంటలు: ఇంతకుముందు ఎవరో సిలికాన్ స్ప్రే కొట్టి తుడిచారు. పురుగు, చెద అయితే అది పాలిష్ పని కాదు, ముందు పురుగుమందు వాళ్ళని పిలవండి.