బిల్లు వెంట నడక – 4వ పాఠం: కమిటీ గదిలో

పోయిన పాఠం చివర ఒక పని అప్పగించాను. కాలిఫోర్నియాలో 2023లో సెనేటర్ ఐషా వహాబ్ పెట్టిన సెనేట్ బిల్లు 403 గుర్తుంది కదా, కుల వివక్ష గురించినది, అక్కడి మనవాళ్ళ ఇళ్ళలో వారాల తరబడి వాదనలు రేపినది. మే నెలలో ఎగువ సభ అయిన సెనేట్ దాటిన ప్రతిని, జూలై నాటి ప్రతిని పక్కపక్కన పెట్టి ‘కులం’ అన్న మాట ఎక్కడుందో వెతకమన్నాను. వెతికినవాళ్ళకు జవాబు దొరికే ఉంటుంది. మే ప్రతిలో కులం విడిగా ఉంది, మతం, జాతి, లింగం లాంటి వాటి వరుసలో తానూ ఒకటిగా. జూలై ప్రతిలో అది చట్టంలో ముందు నుంచీ ఉన్న ‘వంశమూలం’ అనే మాట కిందికి చేరి, దాని నిర్వచనంలో ఒక భాగమైంది.

అనుకూలురకు, వ్యతిరేకులకు ఇద్దరికీ ముఖ్యమైన మార్పు ఇది. 80 మంది కూర్చునే దిగువ సభ, అసెంబ్లీలో జరిగింది కాదు. బిల్లు అసెంబ్లీ జుడీషియరీ కమిటీ ముందుకు వచ్చిన దశలో జరిగింది. సభలో ఓటింగు రోజున టీవీ పెట్టుకుని కూర్చునేవాళ్ళు పెళ్ళి మాటలన్నీ అయిపోయాక భోజనాలకు వచ్చిన చుట్టాల్లాంటివాళ్ళు. మాటలు జరిగే చోటికి ఇవాళ వెళ్దాం.

ముందుగా మన దగ్గరి పద్ధతితో ఉన్న తేడా చూద్దాం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభల్లో చాలా బిల్లులు కమిటీ ముఖం చూడకుండానే చట్టాలవుతాయి. సభ తలచుకుంటేనే సెలెక్ట్ కమిటీ. 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లులను శాసన మండలి ఛైర్మన్ సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్టు ప్రకటించినప్పుడు అదొక పెద్ద రాజకీయ సంఘటన అయింది. ఆ కమిటీ చివరికి ఏర్పడనే లేదు. కాలిఫోర్నియాలో కమిటీ దశ రోజువారీ వ్యవహారం. ఏటా రెండు వేలకు పైగా బిల్లులు వస్తాయి, మామూలుగా ప్రతి బిల్లూ రెండు సభల్లోనూ కమిటీ గడప తొక్కాల్సిందే.

గది దాకా

ఈ భాగం త్వరగా ముగిద్దాం. బిల్లు పెట్టాక ఆ సభ రూల్స్ కమిటీ దాన్ని విషయాన్ని బట్టి ఒక కమిటీకి, ఒక్కోసారి రెండింటికి పంపుతుంది. విద్య అయితే విద్యా కమిటీ, పౌర హక్కులైతే జుడీషియరీ. పెట్టిన తర్వాత 30 రోజులు గడిచేదాకా బిల్లును కమిటీ విచారణకు తీసుకోకూడదని రాష్ట్ర రాజ్యాంగమే చెబుతుంది. బడ్జెట్ బిల్లుకు ఈ నియమం లేదు. మిగతావాటికి సడలించాలంటే నాలుగింట మూడు వంతుల ఓట్లు కావాలి. ఈ 30 రోజులు మనలాంటివాళ్ళ కోసమే ఉన్నాయనుకోండి. చదవడానికి, ఉత్తరం రాయడానికి ఇదే అదను. విచారణ తేదీ సభ రోజువారీ ఫైలులో, అంటే కార్యక్రమ పట్టికలో, కనిపిస్తుంది. మొదటి కమిటీ విచారణకు నాలుగు రోజుల ముందైనా నోటీసు ఇవ్వాలి.

విశ్లేషణ పత్రాన్ని వెనక నుంచి చదవండి

విచారణకు కనీసం ఒక రోజు ముందు కమిటీ ఒక విశ్లేషణ పత్రం బయట పెడుతుంది. దీన్ని రాసేది సభ్యుడు కాదు, కమిటీ జీతం ఇచ్చి పెట్టుకున్న కన్సల్టెంట్. చాలామంది సభ్యులు బిల్లు మొత్తం చదవరు, ఈ పత్రమే చదువుతారు. కాబట్టి ఈ పాఠంలో మీరు ఒకే ఒక్క విద్య పట్టుకోవాలంటే ఇదే పట్టుకోండి.

పత్రంలో మొదట బిల్లు సారాంశం, తర్వాత ప్రస్తుతం ఉన్న చట్టం ఏమంటుందో, ఆ తర్వాత కన్సల్టెంట్ వ్యాఖ్యలు, అనుకూల ప్రతికూల వాదనలు, పాత బిల్లుల చరిత్ర, చివర ఎవరెవరు సమర్థిస్తున్నారు, ఎవరెవరు వద్దంటున్నారు అనే జాబితాలు ఉంటాయి. కొత్తవాళ్ళు మొదటి పేజీలో మొదలుపెట్టి మూడో పేజీలో అలసిపోతారు. నేను చివరి పేజీ నుంచి మొదలుపెడతాను. వ్యతిరేక జాబితా ఖాళీగా ఉందా? అయితే ఆ బిల్లు చర్చ లేకుండా గంపగుత్తగా ఆమోదించే జాబితాలోకి పోయే అవకాశం ఎక్కువ. రెండు జాబితాలూ పేజీలకు పేజీలు సాగాయా? ఆ రోజు భోజనం డబ్బా వెంట తీసుకెళ్ళండి.

తర్వాత పాత బిల్లుల చరిత్ర. ఇదే విషయం మీద ఇంతకు ముందు వచ్చిన బిల్లు ఏ గదిలో ఆగిపోయిందో అక్కడ రాసి ఉంటుంది. గట్టు తెగిన చోటే మళ్ళీ తెగుతుందని రైతుకు చెప్పక్కర్లేదు.

ఆ తర్వాతే వ్యాఖ్యలకు రండి. ఇక్కడ కన్సల్టెంట్ల భాష కొంచెం తెలియాలి. మన ఆఫీసుల్లో ‘పరిశీలిస్తాం’ అంటే అర్థం ఏమిటో మనకు తెలిసినట్టే, వీళ్ళకూ ఒక మర్యాద భాష ఉంది. ‘ఈ విషయాన్ని కమిటీ ఆలోచించదలచుకోవచ్చు’ అనే ధోరణిలో ఒక వాక్యం కనబడితే అక్కడ పెన్సిలుతో గీత గీయండి. పైకి సలహాలా ఉంటుంది. లోపల మాత్రం, ఈ ముక్క మార్చకపోతే కమిటీ అధ్యక్షుల మద్దతు దొరకడం కష్టం అని చెబుతూ ఉండవచ్చు. ‘రచయిత ఈ సవరణలకు అంగీకరించారు’ అని ఉంటే బేరం అప్పటికే కుదిరిందన్నమాట. రచయిత అంటే ఇక్కడ బిల్లు పెట్టిన సభ్యుడు, పుస్తకాలు రాసేవాడు కాదు.

ఉత్తరం పంపాలనుకునేవాళ్ళకు: మీ మాట విశ్లేషణకు అందాలంటే అది రాసేలోపే చేరాలి. చాలా కమిటీలు విచారణకు సుమారు వారం ముందు గడువు పెడతాయి. కచ్చితమైన రోజు, వేళ ఆ కమిటీ సైటులో చూసుకోండి. మొదటి వాక్యంలోనే బిల్లు సంఖ్య, మీరు అనుకూలమా ప్రతికూలమా చెప్పేయండి. రెండో వాక్యంలో మీది ఏ ఊరో. కుశల ప్రశ్నలతో మొదలుపెట్టే మన అలవాటు ఇక్కడ పనికిరాదు.

మైకు ముందు

విచారణ క్రమం ఇలా ఉంటుంది. రచయిత వచ్చి బిల్లు వివరిస్తారు. అనుకూలంగా ముఖ్య సాక్షులు మామూలుగా ఇద్దరు, ఒక్కొక్కరికి రెండు నిమిషాల చొప్పున. తర్వాత గదిలో అనుకూలంగా ఉన్న మిగతావాళ్ళంతా వరుసలో నిలబడి మైకు దగ్గరకు వస్తారు. బిల్లు వద్దనేవాళ్ళకూ ఇదే పద్ధతి. ఆ వరుసను అక్కడివాళ్ళు ‘మీ టూ’ అంటారు, అంటే ‘నేను కూడా’. వరుసలో వచ్చినవాళ్ళు చెప్పాల్సింది పేరు, సంస్థ ఉంటే దాని పేరు, అనుకూలమో ప్రతికూలమో. అంతే.

మొదటిసారి ఒక కమిటీ ముందుకు వెళ్ళినప్పుడు ఈ సంగతి నాకు తెలియదు. రెండు పేజీలు రాసుకుని, కారులో దారి పొడవునా వల్లె వేసుకుంటూ వెళ్ళాను. మైకు ముందు నిలబడి ‘గౌరవనీయులైన అధ్యక్షులకు’ అని మొదలుపెట్టానో లేదో, పేరూ వైఖరీ మాత్రం చెప్పండి అన్నారు. తడబడి పేరు చెప్పాను. వైఖరి చెప్పడం మరిచిపోయి పక్కకు జరిగాను. నా వెనక నిలబడ్డ పెద్దావిడ వాక్యం పూర్తయ్యాక గానీ నాకు తెలివి రాలేదు. నూటయాభై మైళ్ళు వెళ్ళి, ఎటువైపో చెప్పకుండా వచ్చిన సాక్షిని నేనొక్కడినే అయి ఉంటాను.

అందుకే ఒక వాక్యం చీటీ మీద రాసుకోండి, జేబులో పెట్టుకోండి: పేరు, ఊరు, బిల్లుకు మద్దతు, లేదా వ్యతిరేకం. మాట్లాడాల్సింది ఎక్కువ ఉంటే విచారణ కంటే ముందే రచయిత ఆఫీసుకు ఫోను చేసి ముఖ్య సాక్షిగా పెట్టుకుంటారా అని అడగాలి. వ్యతిరేకులైతే కమిటీ సిబ్బందిని అడగాలి.

మౌనం కూడా ఓటే

ఇక అసలు విద్య. చర్చ ముగిశాక ఒక సభ్యుడు ప్రతిపాదిస్తాడు. ‘డూ పాస్’ అంటే బిల్లును ముందుకు పంపమని కమిటీ సిఫారసు చేయడం. ‘సవరించినట్టుగా డూ పాస్’ అంటే మార్పులతో పంపడం. చాలాసార్లు దీని వెనకే ‘అప్రోప్రియేషన్స్ కమిటీకి’ (ఖర్చులు చూసే కమిటీకి) అన్న తోక ఉంటుంది. గుమాస్తా పేర్లు పిలుస్తాడు, సభ్యులు ‘ఐ’ (అవును) లేదా ‘నో’ (కాదు) అంటారు.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. కమిటీలో 11 మంది ఉన్నారనుకోండి. 5 ‘ఐ’లు, ‘నో’ ఒక్కటీ లేదు. మిగతా 6 మంది పలకలేదు, లేదా గదిలో లేరు. బిల్లు గెలిచిందా?

ఓడింది. కావలసింది వచ్చినవాళ్ళలో మెజారిటీ కాదు, కమిటీ మొత్తం సభ్యత్వంలో మెజారిటీ. 11 మందిలో 6 ‘ఐ’లు రావాలి. సున్నా వ్యతిరేక ఓట్లతో బిల్లు చనిపోవడం అంటే ఇదే. సభ్యులకు ఈ లెక్క బాగా తెలుసు. సొంత పార్టీవాడి బిల్లుకు ‘నో’ అని ముఖం మీద చెప్పడం ఇబ్బంది, ‘ఐ’ అంటే నియోజకవర్గంలో ఇబ్బంది. పేరు పిలిచినప్పుడు కాగితాలు సర్దుకుంటూ ఊరుకుంటే ఇద్దరితోనూ పేచీ ఉండదు. రికార్డులో ‘ఓటు నమోదు కాలేదు’ అని మాత్రమే పడుతుంది. జబ్బుతో ఇంట్లో ఉన్నవాడికీ, ఎదురుగా కూర్చుని నోరు మెదపనివాడికీ అక్కడ ఒకే గుర్తు. ఇది నాకు నచ్చని ఏర్పాటు. పిరికితనానికి హాజరు పట్టీలో చోటు ఇవ్వడమే.

ఒక మెలిక కూడా ఉంది. ఒకే సమయంలో రెండు మూడు కమిటీలు నడుస్తుంటాయి కాబట్టి సభ్యులు గదుల మధ్య పరుగులు తీస్తుంటారు. ఓట్లు చాలకపోతే అధ్యక్షులు ఓటింగు ముగించకుండా ‘కాల్’లో పెట్టి ఉంచుతారు. ఆలస్యంగా వచ్చిన సభ్యుడి కోసం విచారణ చివర మళ్ళీ పేర్లు పిలుస్తారు. మధ్యాహ్నం 4–0గా ఉన్న బిల్లు సాయంత్రానికి 7–0గా బయటపడవచ్చు. సగంలో లేచి ఇంటికి వెళ్ళి ‘ఓడిపోయింది’ అని వాట్సాప్‌లో పెట్టినవాళ్ళను చూశాను. నిజంగా ఓడినా ‘పునఃపరిశీలన’కు అనుమతిస్తే ఆ బిల్లుకు మరో ఓటింగు దొరుకుతుంది. రెండేళ్ళ సమావేశాల కాలంలో మొదటి ఏడాది ఆగినది రెండో ఏడాదికి లాగబడవచ్చు, కానీ పుట్టిన సభను రెండో ఏడాది జనవరి 31లోగా దాటకపోతే దాని కథ ముగిసినట్టే.

డబ్బు గది

ఖర్చున్న బిల్లులన్నీ రెండో మెట్టుగా అప్రోప్రియేషన్స్ కమిటీకి వెళ్తాయి. ఖర్చు ఒక హద్దు దాటితే, అసెంబ్లీలో అది 1,50,000 డాలర్లు, బిల్లు ‘సస్పెన్స్ ఫైలు’లోకి పోతుంది. పేరు సినిమాలా ఉన్నా పని బ్యాంకు క్యాషియరు పనిలా ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు, మామూలుగా మే, ఆగస్టు నెలల్లో, వందలాది బిల్లుల భవితవ్యం ఒకే పూట తేలుస్తారు. సంఖ్య చదవడం, ‘పాస్’, ‘సవరణలతో పాస్’, లేదా ‘ఆపి ఉంచాం’ అనడం. సాక్షులు ఉండరు, వాదన ఉండదు, కారణం చెప్పరు. ఆపిన బిల్లుకు ఎవరు అడ్డుపడ్డారో చూపే ఓటు కూడా ఉండదు. ఇందాకటి గదిలో కనీసం ఓటు నమోదు కాలేదన్న గుర్తయినా మిగిలింది, ఇక్కడ అదీ లేదు.

బిల్లు 403 అన్ని కమిటీలూ దాటి, అసెంబ్లీలో 50–3 ఓట్లతో నెగ్గి, 2023 అక్టోబరు 7న గవర్నర్ న్యూసమ్ వీటోతో ఆగింది. సభ, గవర్నర్ బల్ల గురించి రాబోయే రెండు పాఠాల్లో.

ఈసారి అభ్యాసం

1. కాలిఫోర్నియా శాసనసభ సైటులో మీకు ఆసక్తి ఉన్న ఒక బిల్లు తెరిచి ఓట్ల పేజీకి వెళ్ళండి. కమిటీ ఓటింగులో ‘ఓటు నమోదు కాలేదు’ అన్న వరుసలోని పేర్లు రాసుకోండి. అదే రోజు జరిగిన మరో బిల్లు ఓటింగులో వాళ్ళు పలికారేమో చూడండి. పలికితే, ఆ పూట వాళ్ళు గదికి వచ్చినట్టే.

2. కమిటీలో 9 మంది. 4 ‘ఐ’లు, 2 ‘నో’లు, ముగ్గురు పలకలేదు. బిల్లు స్థితి ఏమిటి? ‘కాల్’ తర్వాత ఇద్దరు వచ్చి ఒకరు ‘ఐ’, ఒకరు ‘నో’ అంటే?

3. మొదటి అభ్యాసంలో తెరిచిన బిల్లు విశ్లేషణలో మర్యాద భాషలో ఉన్న వాక్యం ఒకటి పట్టుకుని, దాన్ని మీ అత్తగారికి అర్థమయ్యేలా ఒక్క వాక్యంలో తిరగరాయండి.