గుడ్డు పడకముందే: ఇంటిపై పక్షులు గూళ్లు కట్టకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు

చూరు కింద గూడు వెలిసిన తరువాత దాన్ని తొలగించడానికి తంటాలు పడడం కంటే, పక్షి చోటు వెతుక్కుంటూ వచ్చే నాటికే ఆ చోటు లేకుండా చేయడం ఎన్నో రెట్లు తేలిక. చాలా ప్రాంతాల్లో చలి తగ్గి పగళ్లు పొడవయ్యే నెలల్లో గూళ్ల పని ఊపందుకుంటుంది కాబట్టి, ఇక్కడ చెప్పే పనులన్నీ అంతకు కనీసం ఒక నెల ముందే ముగించుకోవాలి. గుడ్డు పడిందంటే ఆ ఇంటివారి చేతులు కట్టేసినట్టే. గుడ్లు, పిల్లలు ఉన్న గూటిని కదిలించడాన్ని చాలా దేశాల చట్టాలు నిషేధిస్తున్నాయి. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, బ్రిటన్‌లో 1981 నాటి చట్టం, అమెరికాలో 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం ఇటువంటివే. ఏ పక్షికి ఎంత రక్షణ ఉందన్నది దేశాన్ని బట్టి మారుతుంది కనుక, గూటిపై చేయి వేసే ముందు స్థానిక అటవీశాఖను అడగడం మంచిది.

చట్టం సంగతి అలా ఉంచినా, వేచి చూడవలసిన కాలం తక్కువేమీ కాదు. పిచ్చుక రెండు వారాల లోపు గుడ్లు పొదిగి, మరో రెండు వారాల పాటు పిల్లలను సాకుతుంది. పావురం సాధారణంగా రెండు గుడ్లు పెట్టి సుమారు 18 రోజులు పొదుగుతుంది. ఆ పిల్లలు ఎగిరిపోవడానికి ఇంకో నెల పడుతుంది, కొన్నిసార్లు అవి ఎగరకముందే తల్లి మళ్లీ గుడ్లు పెడుతుంది. పైగా ఆహారం దొరికితే పావురానికి ఋతువుతో పనిలేదు. దాని విషయంలో మాత్రం జాగ్రత్త ఏడాది పొడవునా ఉండాలి.

ముందుగా ఉదయం వేళ ఇంటి చుట్టూ తిరిగి, గోడలను పై నుంచి కింది వరకు పరిశీలించాలి. ఒకేచోట తెల్లగా పడిన రెట్టల చారలు, సజ్జ మీద నాలుగు పుల్లలు, గోడ కన్నం అంచున మెరుస్తున్న జిడ్డు మరక, చూరు కింద చుక్కలు చుక్కలుగా అంటిన తడిమట్టి, ఇవన్నీ రాబోయే గూటికి ఆనవాళ్లు. ఏ పక్షి వస్తోందో తెలిస్తే ఏం చేయాలో తెలుస్తుంది: పిచ్చుక, గోరింక కన్నాలు వెతుకుతాయి, పావురం చదునైన అంచు వెతుకుతుంది, వానకోవెల వంటి పక్షులు చూరు కింద మట్టి అంటించడానికి గరుకు గోడ వెతుకుతాయి.

కన్నాల విషయంలో చాలామంది పొరబడేది కొలత దగ్గర. పిచ్చుక దూరడానికి 32 మిల్లీమీటర్ల రంధ్రం చాలు, గోరింకకు 5 సెంటీమీటర్లు ఉంటే చాలు. అందువల్ల రెండు సెంటీమీటర్లకు మించిన ప్రతి సందునూ మూయవలసిందే. మూసే ముందు లోపల ఏదీ లేదని నిర్ధారించుకోవడం తప్పనిసరి. నలిపిన కాగితాన్ని కన్నంలో వదులుగా పెట్టి రెండు మూడు రోజులు గమనించండి. లోపల కాపురం ఉన్న పక్షి దాన్ని తోసేస్తుంది. నేను ఒకసారి ఈ పరీక్ష చేయకుండా మధ్యాహ్నం పూట ఒక గొట్టపు సందును మూసి, సాయంత్రానికి గోడలోంచి పిల్లల కిచకిచలు విని, మళ్లీ నిచ్చెన ఎక్కి ఊడదీయవలసి వచ్చింది. అదే సందులో మరుసటి ఏడాది థర్మాకోల్ కుక్కితే, వారం తిరగకముందే దాని పొడి నేలంతా పరచుకుంది. ముక్కుతో పొడవగలిగిన దేనినీ నమ్మకండి. సిమెంటు గాని, తుప్పు పట్టని గట్టి తీగ జాలీని మేకులతో బిగించడం గాని నిలుస్తాయి.

అయితే గాలి గొట్టాలను సిమెంటుతో మూయకూడదు. గ్యాస్ గీజరు పొగ బయటికి పోయే గొట్టంలోనో, పొగగొట్టంలోనో గూడు చేరితే పొగ వెనక్కి తిరిగి గదిలోకి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. ఆ వాయువుకు రంగూ వాసనా లేవు, ప్రాణాలు తీస్తుంది. ఇంటిమీది గూళ్లన్నిటిలోకీ నిజంగా భయపడవలసినది ఇదే. ఆ గొట్టాల మూతికి తయారీదారు అనుమతించిన జాలీ మూతనే వాడాలి, ఇంట్లో దొరికిన సన్నని దోమతెర కట్టకూడదు, ఎందుకంటే అది మసితో పూడుకుపోతుంది. వాననీటి తూములను పుల్లలు మూసేస్తే డాబా మీద నీరు నిలుస్తుంది కనుక, వాటినీ వానలకు ముందే ఒకసారి చూసుకోవాలి.

పావురాల కోసం సజ్జలపై, కిటికీ అంచులపై 45 డిగ్రీలకు మించిన వాలుతో పలకలు అమరిస్తే పుల్ల నిలవదు, కాలూ నిలవదు. బాల్కనీకి వల కట్టదలిస్తే పావురానికి 5 సెంటీమీటర్ల కన్ను, పిచ్చుకకు సుమారు 2 సెంటీమీటర్ల కన్ను సరిపోతాయి. వల బిగుతుగా ఉండాలి, వదులుగా వేలాడితే పక్షులు చిక్కుకొని చస్తాయి. ముళ్ల పట్టీలు పావురాలను కొంత ఆపుతాయి గాని, చిన్న పక్షులు ఆ ముళ్ల నడుమే గూడు పెట్టుకుంటాయి. 2023లో నెదర్లాండ్స్ పరిశోధకులు వర్ణించిన గూళ్లలో, కాకి జాతి పక్షులు ఆ ముళ్లనే ఊడబీకి తమ గూటికి వాడుకున్నాయి! ఏసీ బయటి యూనిట్ వెనుక, సోలార్ పలకల కింద ఉండే సందులకు జాలీ బిగించండి, పలకలకు రంధ్రాలు మాత్రం చేయవద్దు.

బెదిరించే సాధనాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ప్లాస్టిక్ గుడ్లగూబ కదలదని పక్షులు కొద్ది రోజుల్లోనే గ్రహిస్తాయి. అల్ట్రాసోనిక్ యంత్రాల ధ్వని 20 కిలోహెర్ట్జ్‌ల పైన ఉంటుంది, పక్షులకు ఆ ధ్వని వినిపించదు. జిగురు పూతలైతే ఈకలకు అంటుకొని చిన్న పక్షులను చంపుతాయి, వాటిని వాడనే కూడదు. వీటికంటే పెంపుడు జంతువుల గిన్నెల్లో మిగిలిన మేతను రాత్రికి తీసేయడం, కారే కొళాయిని బాగుచేయించడం మేలు.

పాత గూళ్లను, రెట్టలను పొడిగా ఊడ్చరాదు. ఎండిన రెట్టల ధూళి ద్వారా హిస్టోప్లాస్మోసిస్, క్రిప్టోకోకోసిస్ వంటి ఊపిరితిత్తుల వ్యాధులు సోకవచ్చు. ఎన్95 మాస్కు, చేతి తొడుగులు ధరించి, సబ్బునీళ్లతో బాగా తడిపి, గీకి రెండు సంచుల్లో మూటగట్టాలి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారినీ, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారినీ ఆ పనికి దూరంగా ఉంచాలి. పక్షులు వదిలేసిన గూటిలోని సన్నని పురుగులు గదుల్లోకి పాకి కుడతాయి గనుక ఆలస్యం చేయవద్దు. నిచ్చెనను నాలుగడుగుల ఎత్తుకు ఒక అడుగు దూరం చొప్పున వాల్చి, కింద ఒకరు పట్టుకొని ఉండగా మాత్రమే ఎక్కండి. కరెంటు తీగలు దగ్గరుంటే ఆ పని నిపుణులకే వదిలేయండి.

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా ఒక పక్షి పుల్లలు తేవడం మొదలుపెడితే, ఇంకా గుడ్డు లేదని చూసుకొని, వాటిని రోజూ తీసివేస్తూ ఉండండి. ఒక్క రోజు వదిలినా మళ్లీ మొదటికొస్తుంది. గుడ్డు కనిపిస్తే ఆగి, పిల్లలు ఎగిరిపోయిన వారంలోనే గూడు తీసి సందు మూసేయండి, ఎందుకంటే మంచి చోటును పక్షి మరచిపోదు.