వేట నిషేధం ముగిసేలోపు టర్బో, పొగ గొట్టం ఇలా చూసుకోండి

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ గడువు తీరగానే విశాఖ, కాకినాడ, నిజాంపట్నం హార్బర్ల నుంచి బోట్లన్నీ ఒక్కసారిగా కదులుతాయి. అప్పటికి నైరుతి గాలులు మొదలై సముద్రం కుదురుగా ఉండదు. రెండు నెలలు కదలని ఇంజన్‌తో, ఐసూ డీజిలూ నింపుకుని నేరుగా లోతు వేటకు వెళ్లడం ప్రమాదం. వలలకూ రంగులకూ చెక్క పనికీ ఇచ్చే టైములో కొంత టర్బోకీ (పొగ తోపుతో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే భాగం), పొగ బయటికి పోయే దారికీ ఇవ్వండి.

టర్బో తనంతట తాను పాడవడం తక్కువ. ఆయిల్ అందకో, మురికి గాలి పీల్చో, వేడి తట్టుకోలేకో పోతుంది. ఆ కారణం అలాగే ఉంచి కొత్తది బిగిస్తే అదీ ఎక్కువ రోజులు ఉండదు. కాబట్టి మెకానిక్ "టర్బో పోయింది, మార్చాలి" అంటే "ఎందుకు పోయింది?" అని అడగండి. జవాబు తెలిశాకే కొత్తదానికి డబ్బు కట్టండి.

ముందు మొదటి స్టార్ట్ సంగతి. మే నెల గాలివానల్లో పొగ గొట్టం మూత లేకుండా ఉంటే వాన నీళ్లు లోపలికి దిగుతాయి. టర్బో చక్రం తుప్పు పట్టి బిగుసుకుపోవచ్చు. వాల్వు తెరిచి ఉన్న సిలిండర్‌లోకి నీళ్లు చేరితే ఇంకా ఘోరం, సెల్ఫ్ కొట్టగానే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అందుకే గొట్టానికి ఇప్పుడే డబ్బా మూత పెట్టి కట్టండి. మూత ఉందని గుర్తుగా స్టార్టర్ స్విచ్‌కి ఎర్ర గుడ్డ కట్టండి. స్టార్ట్ చేసే రోజు మూత తీసి, ముందు ఇంజన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పించండి. ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చేయకుండా ఆగిపోవాలి. తేలిగ్గా తిరిగితే, ఇంజన్ అందుకోకుండా డీజిల్ ఆపే స్టాప్ లివర్ లాగి పట్టుకుని, ఆయిల్ ప్రెజర్ వచ్చేదాకా సెల్ఫ్ కొద్దికొద్దిగా కొట్టాలి. పొగలో సముద్రపు నీళ్లు కలిసే రకం సైలెన్సర్ అయితే ఆ కాసేపు నీళ్ల వాల్వు మూసి ఉంచండి, లేకపోతే సైలెన్సర్ నిండి నీళ్లు ఇంజన్‌లోకి వెనక్కి వస్తాయి. ఇంజన్ అందుకోగానే వాల్వు తెరవడం మాత్రం మరిచిపోవద్దు.

టర్బోని చేత్తో చూడటం అయిదు నిమిషాల పని. ఇంజన్ ఆపి, పూర్తిగా చల్లారాక గాలి పైపు విప్పండి. లోపల అల్యూమినియం చక్రం, దాని మధ్యలో చిన్న నట్టు కనిపిస్తాయి. ఆ నట్టుని రెండు వేళ్లతో పట్టుకుని తిప్పితే ఎక్కడా గీసుకోకుండా తిరగాలి. ముందుకీ వెనక్కీ లాగి చూస్తే ఆట (వదులు కదలిక) దాదాపు తెలియకూడదు. పైకీ కిందకీ కొద్దిగా కదలడం సహజమే, బేరింగ్ ఆయిల్ పొర మీద తేలుతుంది కాబట్టి. అలా కదిపినప్పుడు రెక్క అంచు గోడకి తగిలితే మాత్రం ఆ టర్బో పాడైపోయినట్టే. కచ్చితమైన కొలత కావాలంటే డయల్ గేజ్ పెట్టి, కంపెనీ పుస్తకంలోని లెక్కతో సరిచూడండి. రెక్కల అంచులు కూడా టార్చి వేసి చూడాలి. అవి నలిగి, గరుకుగా ఉంటే ఫిల్టర్ దాటి దుమ్మో ఇసుకో లోపలికి వెళ్తోందని అర్థం. పైపులో పల్చటి ఆయిల్ తడి ఉంటే కంగారు వద్దు. మడుగు కట్టి ఉంటే వదలొద్దు.

అలా ఆయిల్ కారితే తప్పు సీల్‌దే అనుకోకండి. టర్బో నుంచి సంప్‌కి (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) దిగే ఆయిల్ పైపు నలిగినా, మసి గడ్డకట్టి మూసుకున్నా, ఇంజన్ లోపలి ఆవిరిని బయటికి వదిలే బ్రీదర్ పైపు బ్లాక్ అయినా, మంచి సీల్ దాటి కూడా ఆయిల్ వచ్చేస్తుంది. ఆ రెండు పైపులు విప్పి శుభ్రం చేయడానికి ఖర్చేమీ ఉండదు.

ఇక పొగ. లోడు మీద నల్ల పొగ ఆగకుండా వస్తుంటే డీజిల్‌కి సరిపడా గాలి అందడం లేదన్నమాట. ముందు ఇంజన్ గది తలుపు తెరిచి నడిపించండి. పొగ తగ్గి ఆర్పీఎం పెరిగితే గదిలోకే గాలి చాలడం లేదు. గాలి కన్నాలకు అడ్డంగా వలలో, పెట్టెలో ఉన్నాయేమో చూడండి. తేడా లేకపోతే ఫిల్టర్, ఆ తర్వాత టర్బో నుంచి ఇంజన్‌కి వెళ్లే రబ్బరు గొట్టాలు, క్లిప్పులు. లోడు పడినప్పుడు బుస్సుమనే కొత్త శబ్దం వస్తే అక్కడెక్కడో గాలి పోతోంది. సబ్బు నీళ్లు రాస్తే బుడగలు చోటు చూపిస్తాయి. టర్బో పంపే గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ సముద్రపు నీటితో చల్లబడేదైతే లోపల తెల్లటి పొడిలాంటి తుప్పు ఉందేమో తప్పకుండా చూడాలి. అది కారితే ఉప్పు నీళ్లు సిలిండర్లకే పోతాయి.

ఇవన్నీ బాగున్నా నల్ల పొగ పోలేదంటే నీళ్ల కింద చూడండి. రెండు నెలలు కట్టేసిన బోటు అడుగున, ప్రొపెల్లర్ మీద గుల్లలు దట్టంగా పడతాయి. తాడు ముక్క చుట్టుకుని ఉండొచ్చు. న్యూట్రల్‌లో పూర్తి ఆర్పీఎం అందుకుని, గేరు వేశాక అందుకోలేకపోతే ముందు అడుగు గీకించండి. గుల్లలు తీస్తే తీరిపోయే దానికి టర్బో మార్చిన బోట్లు తక్కువేం లేవు, అది చూస్తే బాధేస్తుంది.

నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. కారణం టర్బో సీల్ కావచ్చు, పిస్టన్ రింగులు కావచ్చు. తెల్ల పొగ చల్లటి ఇంజన్‌లో కాసేపు మామూలే. వేడెక్కాక కూడా ఆగకుండా, బయట ఎక్కడా కారకపోయినా కూలెంట్ తగ్గిపోతుంటే, హెడ్ గాస్కెట్‌తో పాటు నీటి జాకెట్ ఉన్న మేనిఫోల్డ్‌ని (సిలిండర్ల పొగని టర్బోకి చేర్చే గొట్టం), టర్బో హౌసింగ్‌ని కూడా అనుమానించాలి.

మేనిఫోల్డ్ జాయింట్ల చుట్టూ నల్లటి మసి చారలుంటే పొగ గదిలోకే లీకవుతోంది. కళాసీలు ఇంజన్ పక్క గదిలోనే పడుకుంటారు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఒకేసారి ఇద్దరు ముగ్గురికి తలనొప్పి, వాంతులు వస్తే సముద్రం పడలేదని సరిపెట్టుకోకుండా అందరినీ డెక్ మీదికి తెచ్చి, ఇంజన్ ఆపండి. గాస్కెట్ మార్చించకుండా ఆ బోటు వేటకు వెళ్లకూడదు. వేడి తగలకుండా గొట్టానికి చుట్టిన లాగింగ్ గుడ్డకి ఆయిల్ పట్టి ఉంటే అది కూడా తీసేసి కొత్తది చుట్టించండి. లోడు మీద టర్బో వేడి 500 డిగ్రీలు దాటుతుంది, ఆయిల్ తడిసిన గుడ్డ అంటుకోవడానికి అంత వేడి కూడా అక్కర్లేదు.

టర్బో సీల్ పూర్తిగా పోతే ఇంజన్ తన ఆయిల్‌నే తాగుతూ పరుగు అందుకోవచ్చు. అప్పుడు డీజిల్ ఆపినా ఆగదు, గాలి ఆపాలి. గాలి నోటికి సరిపడే దళసరి చెక్క పలక కోసి ఇంజన్ గది తలుపు దగ్గరే ఉంచండి. చేత్తో గానీ గుడ్డతో గానీ మూయబోవద్దు, లోపలికి లాగేస్తుంది.

చివరగా, హార్బర్ బయట ఒక గంట ట్రయల్ వేయండి. పూర్తి లోడు మీద ఆర్పీఎం, బూస్ట్ (టర్బో పంపే గాలి ఒత్తిడి), పొగ వేడి, ఆయిల్ ప్రెజర్ ఎంతున్నాయో రాసి వీల్‌హౌస్‌లో అతికించండి. వేటలో బూస్ట్ పడిపోయి పొగ వేడి పెరుగుతుంటే, బోటు నడిపే సరంగు ఎవరినీ అడగకుండానే స్పీడు తగ్గించాలి. వచ్చాక కూడా ఇంజన్‌ని వెంటనే ఆపేయకుండా మూడు నుంచి అయిదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచాలి, లేకపోతే వేడి టర్బోలో ఆయిల్ మాడి గడ్డకడుతుంది. టర్బో గాస్కెట్లు, ఒక జత రబ్బరు గొట్టాలు, క్లిప్పులు, ఒకసారి మార్చడానికి సరిపడా ఆయిల్ బోటులో ఉండాలి. ఆపదలో పిలవడానికి వీహెచ్ఎఫ్ రేడియో 16వ ఛానల్, కోస్ట్ గార్డ్ 1554 నంబరు ఆ కాగితం మీదే పెద్ద అక్షరాలతో రాయండి.