ఫిల్మ్‌సిటీలో ఫ్యామిలీ ఫోటోలు, ఫోటోవాక్‌లు: మేం ఎలా చేస్తామంటే

రామోజీ ఫిల్మ్‌సిటీకి వెళ్ళొచ్చిన ఏ ఇంట్లోనైనా ఫోన్ అడిగి చూడండి, మూడొందల ఫోటోలు ఉంటాయి, వాటిల్లో అందరూ కళ్ళు తెరిచి ఉన్నది ఒక్కటి దొరికితే గొప్ప, దాంట్లో కూడా తీసిన నాన్నగారు ఉండరు. నేను అక్కడికి ఫ్యామిలీలని తీసుకెళ్ళి పోర్ట్రెయిట్లు తీస్తుంటాను, అప్పుడప్పుడూ కెమెరా కొత్తగా కొన్నవాళ్ళని పదిమందిని పోగేసి ఫోటోవాక్ (గుంపుగా తిరుగుతూ ఫోటోలు తీయడం) కూడా పెడుతుంటాను. ఈ మధ్య నలుగురైదుగురు "అన్నా మేం కూడా మొదలెడదాం అనుకుంటున్నాం, ఎలాగో చెప్పు" అని అడిగారు, ప్రతోళ్ళకీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడే మొత్తం రాస్తున్నా.

మొట్టమొదట పర్మిషన్ సంగతి, అందరూ దాటేసేది ఇదే. టికెట్ కొన్నాం, కెమెరా మనది, ఇంకేంటి అనుకుంటాం. అది ప్రైవేటు జాగా అండీ, ఊరి పార్కు కాదు. ఇంట్లోవాళ్ళతో వెళ్ళి సరదాగా తీసుకోవడం వేరు, డబ్బులు తీసుకుని క్లయింట్లని తీసుకెళ్ళడం వేరు. వెళ్ళేముందు ఫిల్మ్‌సిటీ ఆఫీసుకి మెయిల్ పెట్టండి, ఎంతమంది, ఏ కెమెరా, స్టాండ్లు లైట్లు ఉన్నాయా లేదా, ఫోటోలు దేనికి వాడతారు, అన్నీ రాసి జవాబు చేతిలో పెట్టుకుని వెళ్ళండి. ప్రీవెడ్డింగ్ లాంటిదైతే మామూలు టికెట్ మీద నడిపించేద్దాం అనే ఆలోచన మానెయ్యండి. డ్రోన్ మాట అసలు ఎత్తకండి. నాకు మొదట్లో ఒక పార్కు గేటు దగ్గర (పేరెందుకులే, తప్పు నాదే) రిఫ్లెక్టరూ (వెలుతురుని మొహం మీదికి తిప్పే పలక) లైట్ స్టాండూ పక్కన పెట్టించేశారు, వెనకాల క్లయింట్ ఫ్యామిలీ పట్టుచీరల్లో నిలబడి చూస్తున్నారు, ఆ పదినిమిషాలు నా మొహం చూడాల్సింది. అప్పట్నుంచీ నా బ్యాగులో ఒక కెమెరా బాడీ, రెండు లెన్సులు, ఒక తెల్ల థర్మోకోల్ షీటు ముక్క, అంతే. ఆ షీటు పది రూపాయల రిఫ్లెక్టర్, ఆంటీ వాళ్ళకి కూర్చోడానికి కూడా పనికొస్తుంది.

ఇక అసలు విషయం వెలుతురు. ఫిల్మ్‌సిటీ లాంటి పార్కులన్నీ పగటిపూట తెరిచి ఉండేవే, అంటే ఫోటోగ్రాఫర్లకి ఇష్టమైన తెల్లారుజాము వెలుతురు మనకి దొరకదు, సాయంత్రం వెలుతురు కూడా నెలని బట్టే. డిసెంబర్‌లో హైదరాబాద్‌లో పొద్దు 5:45కల్లా గూకుతుంది కాబట్టి నాలుగున్నర నుంచి బయటికొచ్చేసేదాకా బంగారంలాంటి ఎండ. అదే మే నెలాఖరులో సూర్యాస్తమయం 6:45 ప్రాంతంలో, మనం బస్సెక్కే టైముకి కూడా ఎండ పొగరుగానే ఉంటుంది. ఇంకో సంగతి, మన ఊళ్ళో ఏడాదికి రెండుసార్లు, మే 9 అటూఇటూ, ఆగస్టు 3 అటూఇటూ, మధ్యాహ్నం పన్నెండుంపావు ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నెత్తి మీదుంటాడు, నిలబెట్టిన కర్రకి నీడే పడదు, పేపర్లో జీరో షాడో డే అని వేస్తుంటారు చూడండి అదే. ఆ రోజుల్లో ఆ టైముకి మనిషిని నిలబెట్టి తీస్తే కనుబొమ్మల నీడ కళ్ళ మీద పడి కళ్ళు రెండు గుంతల్లా వస్తాయి, ముక్కు కింద మీసంలా ఒక నల్లమచ్చ. డిసెంబర్‌లో అదే మిట్టమధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తు దాకే వస్తాడు, కాస్త పక్కకి తిప్పితే పని జరిగిపోద్ది. అందుకే నేను సెషన్లు ఎక్కువగా నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఒప్పుకుంటా, ఎండాకాలం సెలవుల్లో పిల్లలతో వస్తామంటే వద్దని చెప్పను గానీ పొద్దున గేటు తెరిచిన మొదటి గంటన్నరే తీస్తా, తర్వాత కెమెరా బ్యాగులో పెట్టేస్తా అని ముందే చెప్తా.

మధ్యాహ్నం తప్పనిసరైతే నీడలోకి పదండి, కానీ చెట్టుకింద చుక్కలచుక్కల నీడ కాదు, అది మొహం మీద పడితే బొల్లిమచ్చల్లా ఉంటుంది. ఫిల్మ్‌సిటీలో ఆర్చీలు, వసారాలు, పెద్ద పెద్ద స్తంభాలు బోలెడు, వాటి కింద అంచుదాకా వచ్చి, ఎండ పడే నేల వైపు మొహం తిప్పి నిలబెట్టండి. ఆ నేల లేతరంగు రాయైతే వెలుతురు కింద్నుంచి మొహం మీదికి ఎగజిమ్ముతుంది, గడ్డైతే మాత్రం గడ్డం కింద ఆకుపచ్చ ఛాయ తగులుతుంది, దాన్ని ఇంటికొచ్చి సరిచేయడం పెద్ద తలనొప్పి. ఇంకోటి, మనవాళ్ళలో చామనఛాయ, నలుపు ఎక్కువ, వెనకాల తెల్లటి పాలరాయి లాంటి సెట్ ఉంటే కెమెరా ఆ తెలుపుని చూసి మొత్తం డల్ చేసేస్తుంది, మొహాలు ఇంకా నల్లబడతాయి, కాబట్టి ఎక్స్‌పోజర్ (కెమెరా లోపలికి ఎంత వెలుతురు తీసుకోవాలన్నది) మొహానికి పెట్టుకోండి, వెనకాల గోడ తెల్లగా పోతే పోనీ. అంతేగానీ ఇంటికొచ్చి ఫిల్టర్ వేసి రంగు మార్చొద్దు దయచేసి. ఒకావిడ "మా అమ్మాయిని కొంచెం తెల్లగా చెయ్యండి" అని అడిగితే "ఆ ఎండకి ఆ రంగు ఎంత బాగా మెరిసిందో చూడండి ఆంటీ" అని పెద్ద సైజులో చూపించా, మళ్ళీ అడగలేదు.

లెన్సుల గురించి ఎక్కువ బుర్ర పాడుచేసుకోకండి. క్రాప్ సెన్సర్ కెమెరా (లోపల వెలుతురు పట్టే సెన్సర్ చిన్నది) ఉంటే 50 ఎంఎం ఎఫ్ 1.8 చాలు, ఫుల్‌ఫ్రేమ్ (సెన్సర్ పెద్దది) అయితే 85. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే వెనకాల అంత బ్లర్. వీటి లాభం బ్లర్ ఒక్కటే కాదు, మనిషి వెనకాల కనిపించే జాగా సన్నగా అయిపోతుంది కాబట్టి జనం తగ్గుతారు. బాహుబలి మాహిష్మతి సెట్ దగ్గర ఇదే పనికొచ్చేది, అక్కడ అందరూ చేతులు చాపి రాజుల్లా నిలబడుతుంటారు, వైడ్ లెన్సుతో తీస్తే మీ ఫ్యామిలీతోపాటు ముప్పైమంది వస్తారు. దూరం జరిగి, 85తో, ఒక విగ్రహమో ఒక మెట్టో వెనక పెట్టి తీయండి. ఫోన్‌తో తీసేవాళ్ళు కూడా 2ఎక్స్ పెట్టి వెనక్కి నడవండి, 0.5తో గ్రూపు తీస్తే చివర నిలబడ్డ బాబాయ్ తల సొరకాయలా సాగుద్ది.

ఫిల్మ్‌సిటీలో ఒక చిక్కుంది, టూర్ బస్సుల్లో తిప్పుతారు, గైడు ఒక్కో చోట దింపి ఇంత టైమని చెప్తాడు, దాటొచ్చాక "అయ్యో అక్కడ ఇంకొకటి తీయాల్సింది" అంటే కుదరదు. 1,666 ఎకరాలు మరి, 1996 నుంచి సెట్ల మీద సెట్లు వేసుకుంటూ వచ్చారు, ప్రపంచంలోనే పెద్ద ఫిల్మ్ స్టూడియో అని గిన్నిస్‌లో కూడా ఎక్కింది, నడిచి వెనక్కి పోదామంటే అయ్యే పని కాదు. కాబట్టి క్లయింట్లతో వెళ్ళేముందు ఒక్కసారి ఒంటరిగా టికెట్ కొనుక్కుని తిరిగి రండి, ఏ చోట ఏ టైముకి ఎండ ఎటు పడుతోందో చిన్న పుస్తకంలో రాసుకోండి, ఆ టికెట్ డబ్బులు దండగ అనుకోకండి. నా లెక్కలో సెషన్‌కి మూడు చోట్లు చాలు. ఒక తోట, ఒక వీధి సెట్టు, ఒక సరదా చోటు. రైల్వేస్టేషన్ సెట్ నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అక్కడ ఎవరికీ పోజు నేర్పక్కర్లా, బెంచీ మీద కూర్చోబెట్టి "రైలు రెండు గంటలు లేటు" అనండి, మనవాళ్ళకి ఆ ఎదురుచూపు పుట్టుకతో వచ్చిన విద్య. ఇంకా, సెట్లు చాలావాటికి ముందుగోడే ఉంటుంది, ఫ్రేమ్‌లో అంచు కనబడకుండా చూసుకోండి, లేదా కావాలనే పక్కకెళ్ళి ఆ వెనకున్న చెక్కలూ ఇనపకమ్మీలూ కనబడేలా పిల్లల్ని నిలబెట్టి తీయండి, పిల్లలకి రాజమహలు కన్నా దాని వీపే ఎక్కువ నచ్చుతుంది.

వరస ఎప్పుడూ ఇదే పెట్టుకోండి: చిన్నపిల్లలు, ముసలివాళ్ళు ముందు, మొత్తం గ్రూపు తర్వాత, కొత్తజంటలు ఆఖర్న. పిల్లలు పదకొండింటి దాకే మనుషులు, తర్వాత ఆకలి, నిద్ర, ఐస్‌క్రీమ్, ఏడుపు. మొత్తం రెండు గంటలు దాటకూడదు, వాళ్ళు ఖర్చుపెట్టుకుని వచ్చింది తిరగడానికి, మన కెమెరా ముందు నిలబడ్డానికి కాదు. అమ్మమ్మలు నవ్వరు, ఫోటో అంటే సీరియస్‌గా ఉండాలి అనే కాలం వాళ్ళది. "నవ్వండమ్మా" అంటే ఇంకా బిగుసుకుపోతారు. నేను అడిగేది ఒక్కటే, "మీరు మొదటిసారి సినిమా ఏ హాల్లో చూశారమ్మా?" ఒకావిడ తెనాలి పక్క పల్లెలో డేరా టాకీసు, నేల టిక్కెట్టు, ఇంట్లో చెప్పకుండా వదినతో వెళ్ళి దెబ్బలు తిన్న సంగతి మొదలుపెట్టింది, మనవలు కూడా అప్పుడే వినడం, నేను ఆ కథంతా అయ్యేలోపు నలభై ఫ్రేములు కొట్టా, ఆ రోజు ఆ ఫ్యామిలీ ప్రింటు వేయించుకున్నది ఆవిడదే.

బట్టల విషయం ముందురోజే వాట్సాప్‌లో చెప్పండి. అందరూ ఒకే తెల్లచొక్కా జీన్స్ ఫ్యాషను నాకు నచ్చదు, మన ఎండలో తెలుపు మండిపోతుంది. రెండు మూడు కలిసే రంగులు చాలు. జేబుల్లో ఫోన్లు తీయించండి, చేతుల్లో నీళ్ళసీసాలు, క్యారీబ్యాగులు, చేతికి రబ్బరుబ్యాండు, ఇవేవీ లేకుండా ఫోటో తీసేముందు ఒక్కసారి పైనుంచి కిందికి చూసుకోండి. నాకు మా చెల్లి తోడొస్తుంది, పమిట సర్దడం, పిన్ను పెట్టడం లాంటివి ఆడమనిషి చెబితేనే బాగుంటుంది, మగ ఫోటోగ్రాఫర్లు చెయ్యి వేసి సర్దే పని అస్సలు పెట్టుకోవద్దు, మాటతో చెప్పండి చాలు.

గ్రూపు ఫోటోకి లెక్క ఉంది. 2006లో ఆస్ట్రేలియాలో ఇద్దరు కూర్చుని, ఎన్ని ఫోటోలు తీస్తే ఒక్కదాంట్లోనైనా అందరి కళ్ళూ తెరిచి ఉంటాయని లెక్కగట్టారు, దానికి ఇగ్ నోబెల్ (నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే సరదా బహుమతి) కూడా ఇచ్చారు. ఇరవైమంది లోపైతే మంచి వెలుతురులో మనుషుల సంఖ్యని మూడుతో భాగించండి, వెలుతురు తక్కువైతే రెండుతో. పన్నెండుమందికి నాలుగు, లేదా ఆరు. వాళ్ళు లెక్కలో వేసుకోనిది ఏంటంటే మన గ్రూపులో ఒకరు ఎప్పుడూ పక్కోళ్ళని "ఇటు చూడు" అని తిడుతూ ఉంటారు, కాబట్టి నేను దానికి రెట్టింపు తీస్తా. రెండు వరసలుంటే ఎఫ్ 5.6 నుంచి 8 మధ్య, షట్టర్ స్పీడు 1/250 సెకను కన్నా నెమ్మదించకుండా, ఫోకస్ ముందువరస మీద. ఎత్తు ప్రకారం కాకుండా ఇంటి పెద్దల్ని మధ్యలో కూర్చోబెట్టి మొదలుపెట్టండి, మిగతావాళ్ళు చుట్టూ వాళ్ళే సర్దుకుంటారు.

వండర్లా లాంటి నీళ్ళ పార్కుల్లో సెషన్ అడుగుతారు కొందరు, నేను చెయ్యను. నీళ్ళ రైడ్లకి నైలాన్ బట్టలు, తడిసిన జుట్టు, పైగా చుట్టూ వేరేవాళ్ళ ఆడపిల్లలు తడిబట్టల్లో ఉండే చోట పెద్ద లెన్సు పట్టుకుని తిరగడం ఎవరికీ బాగోదు. లోపలికెళ్ళేముందు గేటు దగ్గర పదినిమిషాలు తీసి కెమెరా లాకర్లో పడెయ్యండి.

ఫోటోవాక్ దీనికి పూర్తిగా వేరే పని. చార్మినార్ దగ్గర పొద్దున్నే చేసే వాక్‌లో ఎవరైనా తప్పిపోయినా ఇరానీ చాయ్ దగ్గర దొరుకుతారు, ఇక్కడ అలా కాదు. పన్నెండుమందికి మించి తీసుకోకండి. నేను ఎల్బీనగర్ మెట్రో దగ్గర కలవమంటా, అక్కణ్ణుంచి హయత్‌నగర్ మీదుగా విజయవాడ హైవే మీద కార్లు పంచుకుని పోతాం. టికెట్ డబ్బులు వేరు, నా ఫీజు వేరు అని మొదటి మెసేజ్‌లోనే రాయండి, ఫీజు సగం ముందే యూపీఐలో తీసుకోండి, "వస్తా బ్రో పక్కా" అన్నోళ్ళలో సగంమంది ఆదివారం పొద్దున ఫోన్ ఎత్తరు.

లోపలికెళ్ళాక "తీయండి" అని వదిలేస్తే అందరూ ఒకే ఫౌంటెన్ ముందు ఒకే ఫోటో తీస్తారు. ఒక్కొక్కళ్ళకి ఒక చిన్న చీటీ ఇవ్వండి. ఒకరికి ఎరుపు రంగు మాత్రమే, ఒకరికి నీళ్ళలో ప్రతిబింబాలు, ఒకరికి సెట్ల వెనకవైపు, ఒకరికి అక్కడ పనిచేసేవాళ్ళు. ఆఖరి చీటీ కష్టం, ఎందుకంటే ముందు మాట కలపాలి, అన్నా ఒక ఫోటో తీసుకోవచ్చా అని అడగాలి, వద్దంటే నవ్వి వచ్చేయాలి. పోయినసారి ఆ చీటీ వచ్చిన కుర్రాడు మొదటి గంట ఒక్క ఫోటో తీయలేదు, చెట్లకి నీళ్ళు పెట్టే పెద్దాయన పక్కన కూర్చుని కబుర్లు చెప్తున్నాడు, సాయంత్రం చూస్తే ఆ గుంపు మొత్తంలో మంచి ఫోటో వాడిదే. వేరేవాళ్ళ పిల్లల్ని తల్లిదండ్రుల్ని అడక్కుండా తీయొద్దని మాత్రం గట్టిగా చెప్పండి, ఒక్క గొడవ జరిగితే ఇంకెప్పుడూ రానివ్వరు. వానొస్తే ఆపేయకండి, పాలిథీన్ కవరుకి బొక్క పెట్టి లెన్సు బయటికి తీసి రబ్బరుబ్యాండు వేస్తే చాలు, తడిసిన రాతినేల మీద రంగులు ఎండలో కన్నా బాగుంటాయి.

చివర టీ దగ్గర మనిషికి మూడే ఫోటోలు చూపించాలని రూలు పెట్టండి, ఏరుకోవడంలోనే సగం నేర్చుకుంటారు. పొగడ్త ఒకటి, దిద్దుబాటు ఒకటి, అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు.

ఫ్యామిలీలకి ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపకండి, సైజు తగ్గిపోతుంది, ప్రింటు వేయిస్తే బూజు పట్టినట్టు వస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి లేదా డ్రైవ్ లింక్ ఇవ్వండి. నేను నలభై ఏరి ఇస్తా, ఒకటి 12 బై 18 ప్రింటు వేసి ఇస్తా. మిగతావి మాత్రం మూడునెలలు డిలీట్ చెయ్యకండి, సరిగ్గా రెండో నెలలో ఫోన్ వస్తుంది: "బాబూ, మా చెల్లెలు ఒక్కత్తే ఉన్నది ఏదైనా ఉందా, పెళ్ళిచూపులకి పంపాలి."