వింగ్‌లో ఇద్దరికి ఒకడు: ఓవర్‌లోడ్ నేర్పే పద్ధతి

ఫుట్‌బాల్‌లో గ్రౌండ్ పక్క అంచున, అంటే వింగ్‌లో, దాన్ని కాచే ఎదుటి ఫుల్‌బ్యాక్ ఒంటరిగా ఉన్నచోట మనవాళ్లు ఇద్దరు, అతనికి ఇంకొకడు తోడొస్తే మనవాళ్లు ముగ్గురు. వింగ్ ఓవర్‌లోడ్ అంటే ఇంతే. చిక్కల్లా ఆ ఎక్కువ మనిషి లాభం రెండు మూడు సెకన్లే నిలుస్తుంది. ఆలోపు బంతి దాటకపోతే గోల్ ముందు నడుమ కాచే సెంటర్‌బ్యాక్ జరిగి వచ్చి లెక్క సమం చేసేస్తాడు. అందుకే కోచ్ టైమంతా పరుగు ఎప్పుడు మొదలుపెట్టాలి, పాస్ ఎప్పుడు వదలాలి అన్నవాటి మీదే పెట్టాలి.

హైదరాబాద్‌లో చాలా గ్రౌండ్లకు నడిమధ్యన క్రికెట్ పిచ్ ఉంటుంది, పొద్దున ఆరు దాటితే అన్ని ఆటలవాళ్లూ అక్కడే. ఫుల్ గ్రౌండ్ దొరకలేదని ఈ ప్రాక్టీసు మానక్కర్లేదు. అంచున 20 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు జాగా, పది కోన్లు, జట్లను గుర్తుపట్టడానికి చొక్కా మీద వేసుకునే రెండు రంగుల బిబ్‌లు, ఆరేడు బంతులు ఉంటే చాలు. టచ్‌లైన్ (పక్క గీత) మాత్రం సున్నంతో స్పష్టంగా గీయండి. గీత కనపడకపోతే పిల్లలు బయటి నుంచి పరుగెత్తి, అదే పద్ధతి అనుకుంటారు.

మొదటి మెట్టు ఇద్దరికి ఒకడు. అంచున దాడిచేసే వింగర్ దగ్గర బంతి, అతనికి ఎనిమిది పది మీటర్ల వెనక మన ఫుల్‌బ్యాక్, ఎదురుగా ఒక డిఫెండర్. వింగర్ ముందుగా గీతను వదిలి ఆరేడు మీటర్లు లోపలికి రావాలి. గీతకు అంటుకుపోతే వెనక నుంచి వచ్చేవాడికి దారెక్కడ? లోపలికి వచ్చాక బంతితో నేరుగా డిఫెండర్ మీదికే వెళ్లాలి. ఎక్కువమంది తప్పుచేసేది ఇక్కడే. బంతిని కాలికింద ఆపి, తోటివాడి కోసం చూస్తూ నిలబడతారు. బంతి ఆగితే డిఫెండర్‌కు తొందరేముంది? వెనక్కి తగ్గుతూ ఇద్దరినీ ఒకే చూపులో పెట్టుకుని సాయం వచ్చేదాకా కాలక్షేపం చేస్తాడు. వింగర్ మీదికి దూసుకొస్తేనే అతను ఎవరో ఒకరిని ఎంచుకోక తప్పదు.

పాస్ వదలాల్సిన క్షణం కోసం డిఫెండర్ పాదాలు చూడమనండి. అతను రెండు మీటర్ల దూరంలోకి వచ్చి, బంతి కోసం కాలు చాపినా, నడుము లోపలివైపు తిప్పినా, అప్పుడే బయటికి పాస్. ఓవర్‌లాప్ చేసే, అంటే వెనక నుంచి బయటివైపుగా వింగర్‌ను దాటే ఫుల్‌బ్యాక్ సరిగ్గా అదే సమయానికి వింగర్ భుజం పక్కనుంచి పూర్తి వేగంతో దాటుతుండాలి. ముందే వెళ్తే ఆఫ్‌సైడ్ (పాస్ వదిలే సమయానికే బంతినీ డిఫెండర్లనూ దాటి ఉండే తప్పు) అవుతాడు, లేదా నిలబడి ఎదురుచూడాల్సి వస్తుంది. డిఫెండర్ ఆ పరుగుకే మోసపోయి బయటికి జరిగితే పాస్ అక్కర్లేదు, వింగరే లోపలికి కోసుకుపోవాలి. అసలు వింగర్ ఈ రెండో దారి ఎంచుకోకపోతే వారం తిరక్కుండానే ఎదుటివాళ్లు మీ ఎత్తు పసిగడతారు.

పాస్ బలం నేలను బట్టి మారుతుంది. ఎండాకాలం గట్టి మొరం మీద బంతి జారిపోయి గోల్‌లైన్ దాటుతుంది, కాబట్టి మెత్తగా, పరుగెత్తేవాడికి ఒకటి రెండు మీటర్ల ముందుకే. వానాకాలం బురదలో అదే పాస్ సగంలో ఆగిపోతుంది.

ఒక్కో ప్రయత్నానికి ఎనిమిది సెకన్ల గడువు పెట్టి, పది నిమిషాలకు డిఫెండర్‌ను మార్చండి.

రెండో మెట్టు ముగ్గురికి ఇద్దరు. జాగా 30 మీటర్ల పొడవు, 20 వెడల్పు. ఒక మిడ్‌ఫీల్డర్‌ను కలపండి. ముగ్గురూ ఎప్పుడూ త్రిభుజంలా ఉండాలి, ఒకే వరసలోకి వస్తే ఒక్క డిఫెండరే ఇద్దరిని కమ్మేస్తాడు. ఇక్కడే అండర్‌లాప్ నేర్పండి. వింగర్ గీత మీదే ఉండి ఎదుటి ఫుల్‌బ్యాక్‌ను బయటికి లాగుతాడు, అతనికీ సెంటర్‌బ్యాక్‌కూ మధ్య తెరుచుకున్న సందులోకి మిడ్‌ఫీల్డర్ దూరతాడు. బంతిని ఒకటి రెండు టచ్‌లలో వదలడం మీద పట్టుబట్టండి. 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో భారత్‌కు స్వర్ణం తెచ్చిన మన హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం పట్టుబట్టిన విషయం కూడా ఇదే.

మూడో మెట్టు ఏడుగురికి ఏడుగురు, సగం గ్రౌండ్‌లో. రెండువైపులా 12 మీటర్ల వెడల్పున పట్టీలు గీయండి. ఒక పట్టీలోకి దాడిచేసేవాళ్లు ముగ్గురు, ఆపేవాళ్లు ఇద్దరు మించకూడదు. పట్టీలోంచి వచ్చిన కట్‌బ్యాక్‌తో కొట్టిన గోల్‌కు రెండు మార్కులు. కట్‌బ్యాక్‌కు, అంటే గోల్‌లైన్ దగ్గర్నుంచి వెనక్కి ఇచ్చే బంతికి, ఆఫ్‌సైడ్ భయం లేదు, పైగా డిఫెండర్లందరూ తమ గోల్‌వైపే పరుగెడుతుంటారు. గాల్లోకి గుడ్డిగా లేపిన క్రాస్ కంటే ఇదే మేలు. కట్‌బ్యాక్ కోసం గోల్ ముందున్న బాక్స్‌లో దగ్గరి పోస్ట్‌కు ఒకరు, పెనాల్టీ స్పాట్ దగ్గరికి ఒకరు పరుగెత్తాలి. రెండోవాడు కాస్త ఆలస్యంగా రావాలి. అటువైపు వింగర్ దూరపు పోస్ట్‌కు.

మ్యాచ్‌లో రెండు ప్రమాదాలుంటాయి. ఒకటి, మూలలో నలుగురు గుమిగూడి బాక్స్‌లో ఎవరూ లేకపోవడం. నాలుగోవాడు కనపడగానే ఆట ఆపి, వాణ్ని పెనాల్టీ స్పాట్ దగ్గరికి పంపండి. రెండోది, బంతి పోతే ఎదురుదాడి. మన ఫుల్‌బ్యాక్ పైకి వెళ్లాడంటే అతని వెనక అంతా ఖాళీయే. ఇద్దరు సెంటర్‌బ్యాక్‌లు, ఒక మిడ్‌ఫీల్డర్, అవసరాన్ని బట్టి అటువైపు ఫుల్‌బ్యాక్ కూడా వెనకే ఉండాలి. ఎవరు ఉండాలో దాడి మొదలవకముందే ఒకరికొకరు పేరుపెట్టి అరిచి చెప్పుకోవాలి.

ఓవర్‌లాప్ అంటే స్ప్రింటే, కాళ్లు త్వరగా చచ్చుబడతాయి. ఆరు పరుగులయ్యాక రెండు నిమిషాలు విశ్రాంతి, నీళ్లు. ఏప్రిల్, మే నెలల్లో ఈ సెషన్ పొద్దున ఏడున్నరకల్లా ముగించండి. అలసిన ఫుల్‌బ్యాక్ ముందుకు వెళ్లగలడు గానీ, తిరిగి రాలేడు.