సోలార్ మిగులుతో గీజర్: నీళ్లు కాగకపోయినా, రాత్రి మీటరు పరిగెత్తినా ఎక్కడ చూడాలి

ఇంట్లో వాడగా మిగిలి గ్రిడ్‌కి పోయే కరెంటును గీజర్‌కి మళ్లించే పెట్టె, అదే డైవర్టర్, సరిగ్గా పనిచేయకపోతే అందరూ ముందు దాన్నే విప్పుతారు. నన్నడిగితే ముందు చూడాల్సింది మెయిన్ వైరు చుట్టూ ఉండే సీటీ క్లాంప్‌ని. మిగులు ఎంతుందో పెట్టెకి చెప్పేది అదే.

సమస్య: చీకటి పడ్డాక కూడా గీజర్ ఫుల్లుగా కాలుతోంది.
చాలావరకు క్లాంప్ తిరగబడి ఉంటుంది. గ్రిడ్ నుంచి తీసుకుంటున్న కరెంటు డైవర్టర్‌కి మిగులులా కనిపిస్తుంది, అది గీజర్ వేస్తుంది, దాంతో ఇంకా ఎక్కువ లాగుతుంది, అది ఇంకా ఎక్కువ మిగులు అనుకుంటుంది, ఇక ఆగదు. సోలార్ లేని వేళ గీజర్ ఆపేసి ఇస్త్రీ పెట్టె ఆన్ చేసి స్క్రీన్ చూడండి: ఇంపోర్ట్ (గ్రిడ్ నుంచి తీసుకునేది) సుమారు 1000 వాట్లు పెరగాలి. ఎక్స్‌పోర్ట్ (గ్రిడ్‌కి పోయేది) చూపిస్తే క్లాంప్ మీదున్న చిన్న బాణం గుర్తు తప్పు దిక్కుకి ఉన్నట్టే. మెయిన్ ఆపి తిప్పి పెట్టండి. కొన్ని రకాల క్లాంపులు మెయిన్ వైరు మీద ఉండగా వాటి నుంచి పెట్టెకి వెళ్లే సన్న వైర్లను ఊడదీస్తే ప్రమాదకరమైన వోల్టేజీ వస్తుంది, కాబట్టి ఆ తొందర వద్దు.

రీడింగ్ సరిగ్గానే ఉంది, అవుట్‌పుట్ సున్నా చూపిస్తోంది, అయినా గీజర్ కాలుతోందంటే సాలిడ్ స్టేట్ రిలే, అంటే పెట్టెలో గీజర్‌కి కరెంటు ఇచ్చి ఆపే ఎలక్ట్రానిక్ స్విచ్, పోయింది. అది పాడైతే ఎక్కువగా షార్ట్ అయి ఆన్‌లోనే ఉండిపోతుంది. మార్చడమే. కొత్తదానికి సరిపడా హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు దిమ్మ) పెట్టండి, 10 ఆంపియర్లు పోతుంటేనే దానిలో పది పదిహేను వాట్ల వేడి పుడుతుంది.

సమస్య: ఎండ మండిపోతున్నా మిగులు సున్నా.
క్లాంప్‌లోంచి ఫేజు, న్యూట్రల్ రెండూ వెళ్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. నేనూ ఇలాగే రెండు వైర్లూ కలిపి మూసేసి, రెండు రోజులు సెట్టింగులతో కుస్తీ పట్టాను. ఫేజు వైరొక్కటే ఉంచాలి. త్రీ ఫేజ్ ఇంట్లో అయితే గీజర్ ఏ ఫేజు మీదుందో, క్లాంప్ కూడా అదే ఫేజు మీదుందో చూడండి.

సమస్య: మబ్బు వస్తే చాలు, టకటకమని ఆన్, ఆఫ్.
పూర్తిగా ఆన్ లేదా పూర్తిగా ఆఫ్ మాత్రమే చేసే మామూలు రిలే పెట్టినవాళ్లకి ఇది తప్పదు. 2 కిలోవాట్ల గీజర్‌ని 800 వాట్ల మిగులు చూసి ఆన్ చేస్తే మిగతా 1200 గ్రిడ్ నుంచే కదా వచ్చేది! మిగులు 2100 దాటాకే ఆన్, ఇంపోర్ట్ 300 వాట్లు దాటితే ఆఫ్, మధ్యలో కనీసం ఐదు నిమిషాల గడువు పెట్టండి. బ్యాటరీ ఉంటే అదీ డైవర్టరూ ఒకే మిగులు కోసం కొట్లాడతాయి. ఒకదానికి ముందు వరస ఇచ్చి, రెండోదాని ఆరంభ హద్దు 100, 200 వాట్లు పెంచితే సర్దుకుంటుంది.

సమస్య: అన్నీ బాగున్నాయి, సాయంత్రానికి నీళ్లు గోరువెచ్చగానే.
ముందు లెక్క వేయండి. 100 లీటర్లను 25 డిగ్రీల నుంచి 60కి తేవాలంటే సుమారు 4 యూనిట్లు కావాలి. అంత మిగులు లేని రోజున ఏ పెట్టే ఏమీ చేయలేదు, టైమర్‌తో కాసేపు గ్రిడ్ మీద వేసుకోవాల్సిందే. మిగులు ఉన్నా కాగకపోతే థర్మోస్టాట్ తక్కువకి తిప్పి ఉందేమో చూడండి. డిజిటల్ డిస్‌ప్లే ఉన్న గీజర్‌కి మిగులును బట్టి ముక్కలుగా కోసి తగ్గించిన కరెంటు ఇస్తే లోపలి బోర్డు తికమకపడుతుంది, కాలిపోనూవచ్చు. దానికి పూర్తి ఆన్ ఆఫ్ పద్ధతే వాడండి.